పెళ్ళి హారంలో కెంపులు, పచ్చలు: షాపులో ఏం అడగాలి, పాత అడ్డిగని ఏం చేయాలి

మీరడిగింది ఇదీ: ఊరు చిత్తూరు. అమ్మాయి పెళ్ళికి తిరుపతిలో ఎనిమిది సవర్ల కెంపులు, పచ్చల హారం చూశారు. షాపువాళ్ళు "అన్నీ ఒరిజినల్ రాళ్ళే" అంటున్నారు. ఇంట్లో అమ్మమ్మగారి అడ్డిగ (మెడకి పెట్టుకునే పాత నగ) ఉంది, అందులో కెంపులు నల్లబడ్డాయి, దాన్ని కరిగించి హారంలో కలిపేయమని సలహా ఇచ్చారు. అల్లుడికి నవరత్నాల ఉంగరం కూడా పెట్టాలి. జవాబు పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

షాపులో "ఒరిజినలేనా?" అని అడిగితే "ఒరిజినలే" అనే అంటారు. దాంతో మీకు కొత్తగా తెలిసిందేమీ ఉండదు. ఫ్యాక్టరీలో తయారైన కెంపు కూడా రసాయనికంగా కెంపే. గాజు కాదు కాబట్టి ఒరిజినల్ అనేస్తారు. గనిలో పుట్టి, పగుళ్ళ నిండా సీసపు గాజు నింపించుకున్న రాయినీ ఒరిజినల్ అనే అంటారు. అందుకని ప్రశ్నని విడదీసి అడగండి. ఇది ఏ రాయి? గనిలోదా, ఫ్యాక్టరీదా? దీనికి ఏం చేశారు: వేడి పెట్టారా, నూనె పట్టించారా, గాజు నింపారా, రంగు వేశారా? వెనక మూసి పొదిగారా, తెరిచి పొదిగారా? జవాబులు బిల్లు మీద రాయమనండి. నోటితో గట్టిగా చెప్పినాయన రాయడానికి నసిగితే మీకు కావలసింది అక్కడే తెలిసిపోతుంది.

ముందు డబ్బు సంగతి. రాళ్ళ నగల్లో మామూలు కుటుంబాలు పోగొట్టుకునేది రాయి దగ్గర కన్నా తూకం దగ్గరే ఎక్కువ. ఉదాహరణకి మీ హారం మొత్తం తూకం 64.350 గ్రాములు అనుకుందాం. అందులో రాళ్ళు 9.200, రాళ్ళ కింద నింపిన లక్క 2.150. అంటే బంగారం 53.000 గ్రాములే. రాళ్ళు తీసేసి లక్కని మర్చిపోయే షాపులున్నాయి, లక్కకి కూడా బంగారం ధర కట్టేస్తారు. తరుగు, మజూరీ ఈ 53 గ్రాముల మీదే లెక్కకట్టాలి. మొత్తం తూకం మీద తరుగు వేస్తే రాయికీ లక్కకీ తరుగు కట్టినట్టు, అందులో అర్థం లేదు. ఇక రాళ్ళ ఖరీదు విడిగా వేస్తారు. 9.200 గ్రాములంటే 46 కేరట్లు (రాళ్ళ తూకంలో ఒక కేరట్ 0.2 గ్రాము, బంగారం నాణ్యత చెప్పే కేరట్‌తో దీనికి సంబంధం లేదు). కేరట్‌కి 300 వేశారంటే 13,800. రేపు మార్చుకోవడానికి అదే షాపుకి వెళ్ళినా ఈ 13,800లో మామూలుగా పైసా వెనక్కి రాదు. రాళ్ళు, లక్క తూకం తీసేసి బంగారానికే కడతారు. కాబట్టి చిన్న రాళ్ళకి పెట్టింది అందానికి పెట్టిన ఖర్చని తెలిసే పెట్టండి. ఆస్తి అనుకోవద్దు.

బిల్లులో మొత్తం తూకం, రాళ్ళ తూకం, లక్క తూకం, నికర బంగారం, రాళ్ళ రేటు వేరువేరు వరసల్లో ఉండాలి. హాల్‌మార్క్ ఉన్న నగకి 22 కేరట్, 916 గుర్తుతో పాటు అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు నంబరు, అంటే హెచ్‌యూఐడీ ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా అమ్మకూడదు. హాల్‌మార్క్ వ్యవహారం చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ పెట్టిన బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూసుకోవచ్చు. అయితే ఆ గుర్తు బంగారానికే సాక్ష్యం, రాయి గురించి ఒక్క ముక్క కూడా చెప్పదు. ఇంకో సంగతి: కుందన్, పోల్కీ, జడావ్ రకాల (రాళ్ళని మేలిమి బంగారపు పట్టీ నొక్కి పొదిగే) నగలకి హాల్‌మార్క్ తప్పనిసరి నిబంధన నుంచి మినహాయింపు ఉంది. మీరు చూసింది ఆ రకమైతే బంగారం ఎన్ని కేరట్లదో బిల్లులో రాయించుకోవడం రెట్టింపు అవసరం.

ఇక హారంలో రాళ్ళు. చూడకుండా కచ్చితంగా చెప్పలేం గానీ, లెక్క వేసి ఊహించవచ్చు. అలాంటి హారంలో చిన్నా పెద్దా కలిపి వందకి పైగా ఎర్రరాళ్ళు పడతాయి. ఒకే ఎరుపు, ఒకే మెరుపు, ఒకే సైజులో అన్ని గని కెంపులు జతపరచాలంటే రాళ్ళ ఖరీదే బంగారాన్ని దాటిపోతుంది. కేరట్‌కి వందల్లో రేటు చెబుతున్నారంటే అవి ఫ్యాక్టరీ కెంపులో, గాజో, నాసిరకం కెంపురాయికి గాజు నింపినవో అయ్యుంటాయి. తిరుచ్చిలో ఫ్యాక్టరీ రాళ్ళు సానపట్టే ఇళ్ళు తరాలుగా ఉన్నాయి, దక్షిణాదిలో పొదిగే ఎర్రరాళ్ళలో చాలా భాగం అలాంటి చేతుల మీదుగా వచ్చినవే. అందులో మోసం లేదు, ఆ ధరే తీసుకుంటే. నా అభిప్రాయం అడిగితే, ఏడాదికి నాలుగుసార్లు పెళ్ళిళ్ళకి వేసుకునే హారానికి ఫ్యాక్టరీ కెంపే మంచిది. గట్టిది, రంగు పోదు, ఒక రాయి ఊడితే జత దొరుకుతుంది. గాజు నింపిన "గని రాయి" కన్నా నూరు రెట్లు నయం.

ఎరుపు, ఆకుపచ్చ జంట మన నగల్లో ఎలా స్థిరపడిందో తెలిస్తే పాత నగని చూసే కన్ను మారుతుంది. కెంపు మన నేల రాయి కాదు. మంచి కెంపు బర్మాలోని మొగోక్ గనుల నుంచి వచ్చేది. విజయనగర కాలంలో అది దిగిన రేవుల్లో పులికాట్ ముఖ్యమైనది. పులికాట్ సరస్సులో ఒక భాగం ఇవాళ తిరుపతి జిల్లాలోనే ఉంది. పదహారో శతాబ్దపు తొలినాళ్ళలో వచ్చిన పోర్చుగీసు బార్బోసా పులికాట్‌లో పెగూ (బర్మా) కెంపులు అమ్ముడవడం గురించి రాశాడు. కృష్ణదేవరాయలు 1513 మొదలుకొని ఏడుసార్లు తిరుమలకి వచ్చి స్వామికి రత్నాల కిరీటం మొదలైన నగలు సమర్పించినట్టు శాసనాలున్నాయి. పచ్చల కథ వేరు. పదహారో శతాబ్దంలో స్పెయిన్‌వాళ్ళు దక్షిణ అమెరికాలోని కొలంబియా గనులు పట్టాక, గోవా మీదుగా పెద్ద పెద్ద పచ్చలు ఇటు రావడం మొదలైంది. మొఘలుల పతకాల్లో కనిపించే పచ్చల్లో చాలావరకు ఆ దారిన వచ్చినవే. ఇప్పుడు జైపూర్‌లో సానపట్టే పచ్చల్లో జాంబియావి ఎక్కువ. కెంపులకి మొజాంబిక్ పెద్ద ఆధారం, అక్కడి మోంటెపువెజ్ గనులు బయటపడింది 2009లోనే. మనది అని చెప్పుకోదగ్గది వజ్రం. 1720ల్లో బ్రెజిల్‌లో దొరికేదాకా ప్రపంచానికి వజ్రాలు పంపిన ప్రధాన చోటు కృష్ణా తీరం. కొల్లూరు గని అక్కడిదే. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో జనం వంగి నేల వెతకడం ఇప్పటికీ చూస్తాం.

కెంపు ఎరుపుకీ పచ్చ ఆకుపచ్చకీ కారణం ఒకటే మూలకం కావడం ఒక విచిత్రం: క్రోమియం. అల్యూమినియం ఆక్సైడ్‌లో కాసింత క్రోమియం చేరితే కెంపు, బెరిల్ అనే ఖనిజంలో చేరితే పచ్చ. పచ్చలో కొన్నిసార్లు ఆ పని వెనేడియం చేస్తుంది. అదే అల్యూమినియం ఆక్సైడ్‌లో ఇనుము, టైటానియం చేరితే నీలం. అంటే కెంపు, నీలం, కనకపుష్యరాగం మూడూ ఒకే ఖనిజం, కొరండం. గట్టిదనంలో వజ్రానికి 10 అయితే వీటికి 9. పచ్చకి 7.5 నుంచి 8. వీధిలో ఎగిరే దుమ్ములో ఉండే ఇసుక రేణువు గట్టిదనం 7, దానికన్నా మెత్తని రాయి ఏదైనా ఉంగరంలో పెట్టుకుంటే రెండు మూడేళ్ళలో అంచులు మసకబారతాయి. గట్టిదనం వేరు, దెబ్బకి తట్టుకోవడం వేరు. పచ్చ లోపలే సన్నని పగుళ్ళతో పుడుతుంది, గట్టి నేల మీద పడితే చీలుతుంది. వజ్రం దేనికీ గీత పడదు గానీ సరైన కోణంలో దెబ్బ తగిలితే పగులుతుంది. అందుకే పచ్చని మెడలోకో చెవికో వాడుకోమంటాను. రోజూ గిన్నెలు తోమే చేతి ఉంగరానికి అది తగదు.

కెంపుని పోలిన రాయి ఇంకొకటుంది, స్పినెల్. బర్మాలో రెండూ ఒకే గనుల్లో దొరుకుతాయి. పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా రెండింటినీ విడదీసి చూడడం లోకానికి తెలియదు. బ్రిటిష్ కిరీటంలో "బ్లాక్ ప్రిన్స్ కెంపు" అని పేరు మోసింది నిజానికి స్పినెలే. మీ అమ్మమ్మగారి అడ్డిగలోనూ కెంపుల మధ్య స్పినెల్ ఉంటే ఆశ్చర్యపోకండి, బాధపడనూ అక్కర్లేదు. మంచి ఎర్ర స్పినెల్‌కి ఇప్పుడు బాగా గిరాకీ ఉంది.

ఇంట్లో చేసుకోగల పరీక్షలు రెండే పనికొస్తాయి. అవీ నగ నుంచి విడదీసిన రాళ్ళకే. మొదటిది నీళ్ళ తూకం. 0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ తూకం, ముప్పాతిక వరకు నీళ్ళు పోసిన చిన్న గ్లాసు, సన్నటి నైలాన్ దారం చాలు. రాయిని పొడిగా తూచి రాసుకోండి. తర్వాత నీళ్ళ గ్లాసుని తూకం మీద పెట్టి సున్నా చేయండి. రాయికి దారం కట్టి పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుగుకి గానీ గోడకి గానీ తగలకూడదు, తగిలితే అంకె ఒక్కసారి పెరిగిపోతుంది. ఇప్పుడు కనిపించే అంకెతో మొదటి తూకాన్ని భాగించండి. 1.60 గ్రాముల రాయికి నీళ్ళలో 0.40 చూపితే 4.0, అది కొరండం. 0.44 లేదా 0.45 చూపితే స్పినెల్ వైపు. 0.64 చూపితే 2.5, మామూలు గాజు. రాయికి గాలి బుడగలు అంటుకుంటే అంకె ఎక్కువ చూపి రాయి తేలికదన్నట్టు తప్పుడు జవాబొస్తుంది, నీళ్ళలో ఒక్క చుక్క సబ్బు కలపండి. ఒక గ్రాము కన్నా చిన్న రాయికి ఈ పద్ధతి నమ్మకం కాదు, 0.01 తేడాకే జవాబు మారిపోతుంది. పచ్చకీ అంతగా పనికిరాదు: పచ్చ 2.7 దగ్గర, కొన్ని గాజులూ అక్కడక్కడే. అన్నిటికన్నా ముఖ్యం, ఫ్యాక్టరీ కెంపుకీ ఇదే 4.0 వస్తుంది. గాజుని పట్టుకుంటుంది గానీ పుట్టుకని చెప్పదు.

రెండోది యూవీ టార్చి, 365 నానోమీటర్లది. చీకటి గదిలో వేస్తే బర్మా కెంపు నిప్పులా ఎర్రగా వెలుగుతుంది, క్రోమియం ఎక్కువ, ఇనుము తక్కువ కాబట్టి. ఇనుము ఎక్కువున్న ఆఫ్రికా, థాయ్ రాళ్ళు మందంగా వెలుగుతాయి. కెంపులా కనిపించే మరో ఎర్రరాయి గార్నెట్ వెలగదు. నీళ్ళ తూకంలో గార్నెట్ కెంపుకి దగ్గరగా వచ్చి తికమక పెడుతుంది, ఈ టార్చితో అది విడిపోతుంది. ఎర్ర స్పినెల్ వెలుగుతుంది, ఫ్యాక్టరీ కెంపైతే అన్నిటికన్నా గట్టిగా వెలుగుతుంది. కాబట్టి "బాగా వెలిగింది, అసలుదే" అని ఎవరైనా టార్చి వేసి చూపిస్తే మురిసిపోకండి.

గనిదా ఫ్యాక్టరీదా తేల్చేది పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం (లూప్), దాని వెనక అనుభవమున్న కన్ను. వెర్నాయ్ అనే ఫ్రెంచివాడు 1902లో ప్రకటించిన పద్ధతిలో, మండే జ్వాలలోంచి పొడి కరిగి బొట్టు బొట్టుగా పేరుకుని కెంపు తయారవుతుంది. పేరుకున్న పొరలు లోపల వంపు తిరిగిన గీతల్లా మిగిలిపోతాయి, అక్కడక్కడా గుండ్రటి బుడగలుంటాయి. గని రాయిలో రంగు పట్టీలు తిన్నగా, కోణాలుగా నడుస్తాయి. కొన్నింటిలో పట్టుపోగుల్లాంటి సూదులు ఒకదాన్నొకటి అడ్డంగా కోస్తూ కనిపిస్తాయి. మచ్చ అన్నదే లేకుండా అద్దంలా ఉండి, నగలో రాళ్ళన్నీ ఒకే ఎరుపులో ఉంటే ఫ్యాక్టరీదనే అనుకోండి. పొగ ఊదడం, నాలుకతో చల్లదనం చూడడం, పాలలో వేసి పాలు ఎర్రబడ్డాయా అని చూడడం లాంటివాటితో టైం వృథా.

రాయికి చేసే చికిత్సల్లో అన్నీ మోసాలు కావు. కెంపుకి, నీలానికి వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో వేడి పెట్టి రంగు, తేట పెంచడం వ్యాపారంలో ఒప్పుకున్నదే. ఆ మార్పు శాశ్వతం, చెబితే చాలు. పచ్చకి నూనె పట్టించడమూ పాత సంప్రదాయమే. దేవదారు నూనెలో కాంతి వంగే తీరు పచ్చలో వంగే తీరుకి దగ్గరగా ఉంటుంది, అందుకని నూనె నిండిన పగులు కంటికి కనబడదు. ఎంత నూనె అన్నదే ధరని మారుస్తుంది. భయపడాల్సింది సీసపు గాజు నింపిన కెంపుకి. 2004 ప్రాంతం నుంచి బజారు నిండా ఉన్నాయి. పనికిరాని మొద్దు కొరండంలో పగుళ్ళన్నిటా గాజు పోసి ఎర్రగా, తేటగా చేస్తారు. లూప్‌లో రాయిని అటూ ఇటూ తిప్పితే పగుళ్ళ వెంట నీలపు తళుకు మెరుస్తుంది, లోపల బుడగలు కనిపిస్తాయి. నిమ్మరసం తగిలినా గాజు తినేస్తుంది. ఆచారి ఉంగరం అతికించడానికి మంట చూపించి, నగ తేటపడడానికి ఆమ్లపు నీళ్ళలో వేశాడంటే రాయి మీద తెల్లటి గజిబిజి గీతలు తేలతాయి. అప్పుడు "ఆచారి పాడుచేశాడు" అని గొడవ. పాడైంది అమ్మిన రోజే.

హారం కింద వేలాడే పూసల్ని కూడా చూడండి. ఎర్ర "రూబీ పూసలు", ఆకుపచ్చ "ఎమరాల్డ్ పూసలు" అనేవాటిలో రంగు వేసినవే ఎక్కువ. చెమటకి జాకెట్టు మెడ మీద గులాబీ మరక పడితే అర్థం అదే. గోళ్ళరంగు తీసే ద్రవంలో దూది ముంచి, రంధ్రం పక్కన ఒకచోట రుద్దితే దూదికి రంగు అంటుకుంటుంది. షాపువాళ్ళని అడిగే చేయండి. నిజమైన పచ్చ మీద మాత్రం వద్దు, పైకి తేలిన పగుళ్ళలో నూనె పోతుంది.

ఇప్పుడు అడ్డిగ. కెంపులు నల్లబడ్డాయని మీరనుకుంటున్నది దాదాపు ఎప్పుడూ కెంపుల తప్పు కాదు. పాత నగల్లో వెనక మూసేసి పొదుగుతారు. గూట్లో లక్క నింపి, దాని మీద మెరుపు రేకు పరిచి, పైన రాయి పెట్టి, చుట్టూ సన్నటి మేలిమి బంగారపు పట్టీని పనిముట్టుతో నొక్కుకుంటూ పోతారు. ఇరవై నాలుగు కేరట్ల బంగారం అంత మెత్తన కాబట్టి మంట అక్కర్లేకుండా ఒత్తిడికే ఒకదానికొకటి అతుక్కుపోతుంది. కుందనపు పని అంటే అదే. వెనక రేకు వెలుతురుని వెనక్కి పంపుతుంది, అందుకే పలచని, చదునైన రాయి కూడా నిండుగా మెరుస్తుంది. ఏళ్ళ తరబడి తలంటు నూనె, కుంకుడు రసం, చెమట అంచుల్లోంచి దిగి ఆ రేకుని తినేస్తాయి. రేకు నల్లబడింది, రాయి అలాగే ఉంది. ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది. వెనక ఎర్ర రేకు వేస్తే వెలిసిన గులాబీ రాయి కూడా చిక్కటి కెంపులా కనిపిస్తుంది. మూసి పొదిగిన రాయిని చూసి ఎవరు ధర చెప్పినా అది ఊహే. రాయి బయటికి వస్తే తప్ప రంగు తెలియదు.

దాన్ని కరిగించే ముందు ఇలా చేయండి. నగని ముందూ వెనకా దగ్గరగా ఫోటోలు తీయండి, రాళ్ళు లెక్కపెట్టండి, మొత్తం తూచండి. రాళ్ళు తీసే ఆచారి దగ్గరే కూర్చోండి. పట్టీ అంచుని సన్నటి ఉలితో లేపి రాయిని ఒక్కొక్కటిగా తీయాలి, నగని నేరుగా మంటలో పెట్టి రాళ్ళు రాల్చనివ్వకండి. కెంపు వేడికి తట్టుకుంటుంది, వేడి మీద నీళ్ళలో పడితే పగులుతుంది. పచ్చలుంటే మంట వాసనే తగలకూడదు. తీసిన రాళ్ళని లక్క వదిలేలా స్పిరిట్‌లో నానబెట్టి (ముత్యం, పగడం, పచ్చ తప్ప), కడిగి, ఎండలో తెల్ల కాగితం మీద పోసి చూడండి. అడ్డదిడ్డపు కోత, ఒక్కో రాయిది ఒక్కో ఎరుపు, లోపల సూదులు ఉంటే దాచుకోదగ్గవి. పాతది కాబట్టి గనిదే అనుకోకండి. వెర్నాయ్ కెంపులు వచ్చి వందేళ్ళు దాటింది, 1910ల తర్వాత చేయించిన నగల్లో అవి బోలెడు. రాళ్ళు మంచివని తేలితే అడ్డిగని కరిగించకండి. రేకు మార్చి, కొత్త లక్క వేసి, పట్టీ మళ్ళీ నొక్కించుకుంటే సరిపోతుంది. కుందనపు పని తెలిసిన చెయ్యి కావాలి. పెద్ద షాపుల్లో అడిగితే నగని బయటికి పంపుతారు. ఎవరు చేస్తారో అడిగి, రాళ్ళ లెక్క రాసిన చీటీ తీసుకున్నాకే ఇవ్వండి.

వజ్రాల గురించి రెండు ముక్కలు, మీరు అడగకపోయినా. మన వైపు ఏడు రాళ్ళ కమ్మల కోసం పాతవాళ్ళు "బ్లూ జాగర్" రవ్వలే కావాలనేవారు. దక్షిణాఫ్రికాలోని యాగర్స్‌ఫాంటీన్ గని పేరు మీద వచ్చిన పిలుపు అది, ఎండలో లేత నీలం ఛాయ కొట్టే తెల్లటి రవ్వలు. ఇప్పుడు ఆ మాటని ఏ రాయికైనా తగిలిస్తున్నారు, కాబట్టి పేరుకి కాకుండా ల్యాబ్ సర్టిఫికెట్‌కి డబ్బు కట్టండి. షాపులో టిక్కుమనే టెస్టర్ ఫ్యాక్టరీ వజ్రాన్ని కూడా వజ్రమనే చూపుతుంది, ఎందుకంటే అది వజ్రమే. ధర మాత్రం గని వజ్రం ధరలో చిన్న ముక్క. వేడిని మాత్రమే కొలిచే టెస్టరైతే వజ్రంలా కనిపించే వేరే రాయి మొయిసనైట్‌కి కూడా టిక్కుమంటుంది.

సర్టిఫికెట్ చదివేటప్పుడు పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు దగ్గరే ఆగకండి. కింద చిన్న అక్షరాల్లో వ్యాఖ్యలనే చోట అసలు సంగతి ఉంటుంది: వేడి పెట్టిన ఆనవాళ్ళున్నాయా, నూనె కొద్దిగానా ఎక్కువగానా, గాజు నింపారా. రాయి తూకం, మిల్లీమీటర్ల కొలతలు కాగితంతో సరిపోవాలి. నగ మొత్తానికి ఇచ్చిన కార్డైతే ఎన్ని రాళ్ళు పరీక్షించారో చూడండి, అన్నీ కాకపోవచ్చు. ఒక్కో రాయి పది వేలు దాటితే ల్యాబ్‌కి పంపడం దండగ కాదు. అంతకన్నా తక్కువైతే బిల్లు మీద రాత చాలు. రాయిని చూసేటప్పుడు షాపు దీపాల కింద నుంచి గుమ్మం దాకా తెచ్చుకోండి. పసుపు దీపం కెంపుని, తెల్ల దీపం వజ్రాన్ని పొగుడుతాయి. మధ్యాహ్నం నీడలో ఉండే పగటి వెలుగే రాయిని ఉన్నదున్నట్టు చూపేది.

నవరత్నాల ఉంగరం అన్నిటికన్నా చిక్కుది. వజ్రం 10, కెంపు, నీలం, కనకపుష్యరాగం 9, వైడూర్యం 8.5, పచ్చ 7.5 నుంచి 8, గోమేధికం 7 చిల్లర, పగడం 3 నుంచి 4, ముత్యం ఇంచుమించు అంతే. ఇవన్నీ ఒకే ఉంగరంలో, ఒకే చేతికి. రోజూ వేసుకుంటే రెండేళ్ళలో ముత్యం పొర లేస్తుంది, పగడం మెరుగు పోతుంది, మిగతా ఏడూ కొత్తవాటిలా ఉంటాయి. కాబట్టి ముత్యం, పగడం మార్చుకునేలా విడిగా గూడు కట్టమని ముందే చెప్పండి. సంప్రదాయపు అమరికలో మధ్య కెంపు, తూర్పున వజ్రం, అక్కడి నుంచి కుడిగా వరసగా ముత్యం, పగడం, గోమేధికం, నీలం, వైడూర్యం, కనకపుష్యరాగం, పచ్చ వస్తాయి. రెడీమేడ్ ఉంగరాల్లో ఈ వరస తప్పడం మామూలే, పట్టింపు ఉంటే కాగితం మీద గీసి ఇవ్వండి. కనకపుష్యరాగం పేరుతో పసుపు టోపాజ్, సిట్రిన్ కూడా పొదిగేస్తారు, బిల్లులో "యెల్లో సఫైర్" అని ఉండాలి. వైడూర్యం చోట పిల్లికంటి గాజు, పగడం చోట రంగు వేసిన వెదురు పగడం తరచుగా తగులుతాయి. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజకి వెళ్ళినప్పుడు గుడి వీధుల్లో కొన్ని వందలకి దొరికే ఉంగరాల్లో తొమ్మిదీ గాజే అనుకోండి. భక్తి కోసం కొంటే ఆక్షేపణ లేదు. జాతకం కోసం కొనేవాళ్ళు రతి (రాళ్ళు తూచే పాత కొలత) లెక్కల్లో మోసపోతుంటారు, రతి ఎంతన్నది షాపుని బట్టి మారుతుంది. మిల్లీగ్రాముల్లోనో కేరట్లలోనో చెప్పమనండి.

కడగడం గురించి చివరిగా. వెనక తెరిచి ఉన్న వజ్రాలు, కెంపులు, నీలాల నగకి గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు, పిల్లల మెత్తటి బ్రష్ చాలు. బ్రష్ వెనక వైపు నుంచి పెట్టండి, మురికి చేరేది అక్కడే. వజ్రానికి జిడ్డుని పట్టుకునే గుణం ఉంది, గనుల్లో జిడ్డు పూసిన బల్లల మీద వజ్రాలు ఏరేది అందుకే. కొబ్బరినూనె రాసుకున్న జుట్టు తగిలితే కమ్మలు రెండు రోజుల్లో మందగిస్తాయి. టూత్‌పేస్ట్, ముగ్గుపిండి రెండూ బంగారాన్ని గీస్తాయి. మీ హారం మూసి పొదిగిందైతే నీళ్ళలో ముంచనే వద్దు. తడిపి పిండేసిన మెత్తటి గుడ్డతో తుడిచి, నీడలో ఆరనిచ్చి, వేరే పెట్టెలో పెట్టండి. షాపులో ఉండే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో పచ్చలు, ముత్యాలు, పగడాలు, గాజు నింపిన కెంపులు వేయనివ్వకండి. సెంటు, హెయిర్ స్ప్రే అన్నీ అయ్యాకే ముత్యాలు వేసుకోవాలి, తీశాక పొడి గుడ్డతో చెమట తుడవాలి. పసుపు మరక పడితే ముత్యం నుంచి వదలదు, కాబట్టి నలుగు రోజున ముత్యాల దండ వద్దు. దారం వదులైతే తెగేదాకా చూడకుండా పట్టుదారంతో, పూసకీ పూసకీ మధ్య ముడి వేయించి కూర్పించండి.

ఉంగరం కొలత ఒక్కటి జాగ్రత్త. పెళ్ళి పందిట్లో ఎండకి వేళ్ళు వాచి ఉంటాయి, పొద్దున్నే కొలిచిన సైజు పట్టదు. అల్లుడి వేలు సాయంత్రం కొలిపించండి. సైజు మార్చాలంటే మంట చూపించాలి, మంట చూపితే ముత్యం, పగడం, పచ్చ మూడూ పోతాయి. వాటిని తీసి, సైజు సరిచేసి, మళ్ళీ పొదగమని ముందే మాట్లాడుకోండి.